‘పట్టించుకోకపోతే సరి’ అనే సలహా ఎక్కడెక్కడ తప్పు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: ‘ఎవరైనా మిమ్మల్ని పక్కన పెడితే బాధపడాలా వద్దా అన్నది మీ చేతుల్లోనే ఉంది. మెదడుకు ఒంటి నొప్పీ ఈ నొప్పీ ఒకటేనని సైన్సు తేల్చింది, పారాసిటమాల్‌తో తగ్గిపోతుంది. దూరం పెట్టేకొద్దీ మనిషి రాటుదేలుతాడు. అయినా మాట్లాడకపోవడం నేరమా ఏంటి?’ వినడానికి బాగానే ఉంది.

బాధ మన చేతుల్లో ఉందన్న మాట ముందు చూద్దాం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కిప్లింగ్ విలియమ్స్ ఒకరోజు తన కుక్కతో పార్కులో కూర్చుని ఉండగా ఒక ఫ్రిస్బీ వచ్చి దగ్గర పడింది. ఆడుకుంటున్న ఇద్దరికి తిరిగి విసిరాడు. వాళ్లూ ఇతనికి విసిరారు, అలా కాసేపు ముగ్గురూ ఆడారు. ఉన్నట్టుండి వాళ్లు ఇతని వైపు విసరడం మానేశారు. ముక్కూమొహం తెలియనివాళ్లు, అయినా ప్రాణం చివుక్కుమంది. ఆ అనుభవం నుంచే సైబర్‌బాల్ అనే కంప్యూటర్ ఆట పుట్టింది. తెర మీద మీతో కలిపి ముగ్గురు బంతి విసురుకుంటూ ఉంటారు, కాసేపటికి మీ దగ్గరికి బంతి రావడం ఆగిపోతుంది. అంతకు మించి ఏమీ ఉండదు. ఆ కొద్ది నిమిషాలకే ఆడినవాళ్ల ఆత్మగౌరవం తగ్గింది, ‘అసలు నేనున్నానని ఎవరికైనా పట్టిందా’ అనిపించింది.

2004లో లీసా జాడ్రో అనే పరిశోధకురాలు, విలియమ్స్ కలిసి ఇంకో అడుగు వేశారు. ఎదుట ఆడేది మనుషులు కాదు, కంప్యూటరేనని కొందరికి ముందే చెప్పారు. వాళ్లకూ బాధ తప్పలేదు. 2007లో మరో ప్రయోగంలో, అవతల ఉన్నది జాత్యహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ మనుషులని చెప్పి ఆడించారు. ఆ ముఠా పక్కన పెట్టినా మనసు నొచ్చుకుంది! ‘వాళ్లతో నాకేం పని’ అన్న ఆలోచన తర్వాత వస్తుంది, చురుకు ముందే తగులుతుంది. ఎంత త్వరగా తేరుకుంటాం అన్నది మాత్రం మనిషిని బట్టి ఉంటుంది. నలుగురిలో కలవాలంటేనే టెన్షన్ పడేవాళ్లకు ఎక్కువసేపు పడుతుంది. మెసేజ్‌లో నిజం ఉంటే గింటే ఆ మేరకే.

ఇక మెదడు సంగతి. 2003లో పరిశోధకురాలు నవోమి ఐసెన్‌బర్గర్ బృందం మెదడు స్కానర్‌లో సైబర్‌బాల్ ఆడించి చూస్తే, ఒంటి నొప్పికి స్పందించే ఒక ప్రాంతమే చురుకైనట్టు కనిపించింది. ప్రపంచమంతా మోగిపోయిన ఆ అధ్యయనంలో ఉన్నది 13 మంది. 2014లో, కొద్దికాలం క్రితం ప్రేమ చెడిన 60 మందితో జరిగిన పరిశోధనలో ఈ రెండు నొప్పులకూ మెదడు స్పందించే తీరులు వేరువేరుగా తేలాయి. ప్రాంతం ఒకటైనంత మాత్రాన నొప్పి ఒకటి కాదు. పారాసిటమాల్ ప్రయోగం 2010లో నిజంగానే జరిగింది, కానీ అందులో మూడు వారాల పాటు రోజూ మింగించారు, తగ్గింది కాస్త. ఈ మాట పట్టుకుని ఎవరూ మాత్రలు మింగకండి, మోతాదు మించితే లివర్ పోతుంది.

రాటుదేలడం అన్నది నాకు అన్నిటికంటే చికాకు తెప్పించే ముక్క. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డివాల్, బామైస్టర్ కొందరు విద్యార్థులకు ఉత్తుత్తి పర్సనాలిటీ టెస్ట్ పెట్టి, ‘మీరు చివరికి ఒంటరిగా మిగులుతారు’ అని చెప్పారు. వాళ్లకు ఒంటి నొప్పి తెలియడం తగ్గింది. అక్కడితో ఆగి ఉంటే మెసేజ్ రాసినవాళ్లు ఎగిరి గంతేసేవారు. కానీ ఎదుటివాడి కష్టం చూసి కరగడం కూడా తగ్గింది. దీన్ని గట్టితనం అనరు, మొద్దుబారడం అంటారు. ఇలాంటి మాటే విన్నవాళ్లు తెలివితేటల పరీక్షల్లోనూ వెనకబడ్డారని అంతకుముందు 2002లోనే తేలింది. ఈ దూరం పెట్టడం నెలల తరబడి సాగితే మనిషి నిస్సహాయతలోకి, డిప్రెషన్‌లోకి జారిపోతాడంటాడు విలియమ్స్.

ఇదంతా ల్యాబులో జరిగిన మాట. ఊళ్లో వెలివేస్తే కిరాణా కొట్టువాడు సరుకు ఇవ్వడు, మంగలి రాడు, ఆటో ఎక్కించుకోరు, కూలికి పిలవరు. పలకరించినవాళ్లకు కూడా జరిమానా. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు ఇలా కుటుంబాలను వెలివేశాయన్న వార్తలు కొత్తవి కావు. 2017లో పశ్చిమగోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం గొడవ తర్వాత దళితులను పనులకు పిలవడం మానేశారు. పని లేక ఇంట్లో కూర్చున్న మనిషికి ‘పట్టించుకోకు’ అని ఏ మొహం పెట్టుకుని చెబుతాం?

‘నేరమా’ అని అడిగారు కదా. నలుగురూ కట్టుగా వెలివేస్తే కొన్ని సందర్భాల్లో నేరమే. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం దళితులనో ఆదివాసులనో సాంఘికంగా, ఆర్థికంగా బహిష్కరించడమే కాదు, బహిష్కరిస్తామని బెదిరించినా కేసే. మహారాష్ట్ర 2016లో ఏ కులంవాళ్లను వెలివేసినా వర్తించేలా విడిగా చట్టం చేసింది, మూడేళ్ల దాకా జైలు.