జంబో ఫ్రేములు పెట్టమన్న మహానుభావుడికి

"తక్కువ ఖర్చులో స్టోరేజీకి స్విచ్ కొనాలా? ఈ 5 రహస్యాలు షాపువాళ్లు చెప్పరు." స్విచ్ అంటే ఇక్కడ కరెంటుది కాదు, వీడియోలు దాచే పెట్టెనీ ఎడిటింగ్ మెషీన్లనీ నెట్‌వర్క్ తీగలతో కలిపే డబ్బా. ఈ నెలలో ఈ మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది. ఒంగోలు సీసీ కెమెరాల గ్రూపులో వచ్చింది, నెల్లూరు పెళ్లి వీడియోల గ్రూపులో వచ్చింది. మొన్న మా బావమరిది కూడా "బావా, ఇది చూశావా" అని పంపేసరికి ఇక ఊరుకోలేకపోయా.

మొదటిది: డబ్బా మీద స్విచింగ్ కెపాసిటీ 48 జీబీపీఎస్ (సెకనుకు 48 గిగాబిట్లు) అని ఉంటే కళ్లు మూసుకుని కొనమని. 24 పోర్టులు, పోర్టుకు ఒక గిగాబిట్, రాను ఒకటి పోను ఒకటి. అది పోర్టుల లెక్క నాయనా, పక్కషాపులో ఉన్న 24 పోర్టుల డబ్బా మీదా అదే అంకె ఉంటుంది.

రెండోది: క్యాట్ 7 రకం నెట్‌వర్క్ కేబులే లాగాలట. గిగాబిట్‌కీ, 2.5 గిగాబిట్‌కీ క్యాట్ 5ఈ చాలు, వంద మీటర్ల దాకా. 10 గిగాబిట్‌కి 55 మీటర్ల లోపు క్యాట్ 6 సరిపోతుంది. మన స్టూడియోల్లో 55 మీటర్ల గది ఎవరికుంది? రాగి అని చెప్పి రాగిపూత పూసిన అల్యూమినియం తీగ అంటగట్టేవాళ్లున్నారు. అసలు భయపడాల్సింది దానికి, ఆ ముక్క మాత్రం మెసేజీలో లేదు.

మూడోది: నాస్‌కి (నెట్‌వర్క్ మీద అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) రెండు కేబుళ్లు పెట్టి ఎల్ఏసీపీతో (రెండు తీగల్ని ఒక్కటిగా కట్టే పద్ధతి) కలిపితే కాపీ స్పీడు రెట్టింపట. కాదు. ఒక కాపీ ఒక తీగ మీదే పోతుంది, సెకనుకు 110 మెగాబైట్ల చిల్లర దగ్గర ఆగుతుంది. నలుగురు ఎడిటర్లు ఒకేసారి లాగితే కొంత లాభం, అదీ నలుగురూ ఒకే తీగ మీద పడకపోతే. ఐ-స్కసీ (నాస్ డిస్కుని నెట్‌వర్క్ మీద సొంత డిస్కులా వాడే పద్ధతి) వాడేవాళ్లు ఎంపీఐఓ (ఒకే డిస్కుకి రెండు దారులు) పెట్టుకోండి, రెండు దారులూ రెండు సబ్‌నెట్లలో, అంటే రెండు వేరువేరు అడ్రసుల గుంపుల్లో. సెట్టింగులే లేని చవక అన్‌మేనేజ్డ్ డబ్బాకైతే ఎల్ఏసీపీ అంటే ఏందో కూడా తెలీదు.

ఇక నాలుగోది. "బఫర్ గురించి ఆలోచించకండి. జంబో ఫ్రేములు 9000 పెట్టేయండి, వేగం 6 రెట్లు." బఫర్ అంటే స్విచ్‌లో డేటా కాసేపు ఆగే చోటు. ఫ్రేము అంటే డేటా కట్టి పంపే పొట్లం, మామూలుగా 1500 బైట్లు పడుతుంది, జంబో అయితే 9000. ఎట్టా వచ్చింది ఈ 6? 9000ని 1500తో భాగించాడు. అంటే పెద్ద బస్తాలో పోస్తే వడ్లు ఎక్కువైపోతాయని! 1500తో తీగ మీద నూటికి 95 పాళ్లు అసలు సరుకు పోతుంది, 9000తో 99. ప్రాసెసర్ మీద కాస్త భారం తగ్గుతుంది. అంతే.

నష్టం ఏందో కావలి స్టూడియోవాళ్లని అడగండి. రాత్రి పదింటికి ఫోను. "అన్నా, ఫోల్డరు తెరుచుకుంటా ఉంది, పింగ్ కూడా వస్తా ఉంది, క్లిప్పు కాపీ పెడితే మాత్రం కదల్లా. రేపు మధ్యాహ్నానికి పెళ్లివాళ్లు టీజర్ అడగతా ఉండారు." పింగ్ అంటే అవతలి మెషీన్ పలుకుతోందా అని పంపే పలకరింపు. బస్సెక్కి పోయా. నాస్‌లో 9000, ఎడిటింగ్ మెషీన్‌లో 9000. ముక్కలు చెయ్యొద్దని చెప్పి 8972 బైట్ల పింగ్ (హెడర్లు కలిస్తే 9000) పెట్టా, ఒక్కటీ తిరిగి రాలా. తీగ పట్టుకుని వెతికితే సోఫా కింద, ఎండిపోయిన మల్లెపూల మధ్య, అయిదు పోర్టుల పాత డబ్బా పచ్చగా మిణుకుమంటా కూర్చుని ఉంది. దానికి జంబో పట్టదు. పెద్ద ఫ్రేము వస్తే చప్పుడు చేయకుండా పారేస్తుంది, పారేశానని ఎవరికీ చెప్పదు. చిన్న పింగులు మాత్రం హాయిగా పోతాయి, అందుకే అంతా బాగున్నట్టే ఉంటుంది. మళ్లీ 1500 పెట్టి వచ్చా.

బఫర్ అక్కర్లేదా? నాస్ 10 గిగాబిట్‌లో పంపుతుంటే ఎడిటర్ మెషీన్ ఒక గిగాబిట్‌లో తీసుకుంటోంది. మిగతా 9 స్విచ్‌లోనే నిలబడాలి. 1.5 మెగాబిట్ బఫర్ ఉన్న చిన్న స్విచ్ సెకనులో ఆరువేలో వంతుకే నిండిపోతుంది, ఆ తర్వాత వచ్చినవి నేలపాలు. కాపీ వేగం చూపే గీత రంపం పళ్లలా లేచి పడేది అందుకే. బఫర్ నిండేది బైట్లతో సామీ, జంబో పేరు చెబితే పెరగదు. స్టోరేజీకి డబ్బు పెట్టాల్సి వస్తే ముందు దీనికే పెట్టండి.

అయిదోది చదివి మాత్రం నోరు మూసుకున్నా. "ఇద్దరు ముగ్గురే అయితే స్విచ్చే కొనకండి, 10 గిగాబిట్ కార్డులు పెట్టి డాక్ కేబుల్‌తో నేరుగా కలపండి." నిజం. డాక్ అంటే రెండు కొనలకూ ప్లగ్గులు బిగించి వచ్చే పొట్టి రాగి కేబుల్. స్విచ్ అమ్మితే నాకు నాలుగు రూపాయలు మిగులుతాయి కాబట్టి ఇన్నాళ్లూ నేనూ ఈ మాట గట్టిగా చెప్పలా. ఇద్దరు ఎడిటర్లయితే నాస్‌కి రెండు పోర్టుల కార్డు, ఒక్కో ఎడిటర్‌కి ఒక్కో కార్డు, ఒక్కో తీగకు ఒక్కో వేరే సబ్‌నెట్. ఇంటర్నెట్ పాత దారిలోనే పోతుంది.

కావలిలో ఇప్పుడు నడిచేది అదే. మూడు మీటర్ల డాక్ కేబుళ్లు రెండు, మధ్యలో ఏమీ లేదు. ఆ అయిదు పోర్టుల డబ్బాని మల్లెపూలు దులిపి వాళ్ల సీసీ కెమెరాలకు పెట్టా.