వెనక సీటు మహత్యం

మోపెడ్ కుర్రాళ్ల దూకుడంతా వాళ్ల వ్యక్తిత్వంలోనే ఉందని పెద్దలు తీర్మానించేశారు. శాస్త్రం కూడా వంత పాడింది. ఉత్తేజం కోసం వెంపర్లాడే గుణాన్ని కొలవడానికి అమెరికా మనస్తత్వవేత్త మార్విన్ జుకర్మన్ 1964లోనే ఒక ప్రశ్నావళి తెచ్చాడు. తర్వాత అందులో నాలుగు పాయలు తేలాయి: సాహసాల మోజు, కొత్త అనుభవాల ఆకలి, పగ్గం తెంపుకునే తత్వం, ఊరికే విసుగెత్తడం. ఈ నాలుగోది ఎక్కువున్నవాడికి ఎర్రలైటు దగ్గర అర నిమిషం ఆగడమంటే యావజ్జీవ శిక్షే.

బాగానే ఉంది. మరి అదే కుర్రాడు అమ్మను ఎక్కించుకున్నప్పుడు బండి ఎడ్లబండి ఎందుకవుతుంది? హెల్మెట్ మోచేతి మీంచి నెత్తికెక్కి, గడ్డం కింద బకిల్ టక్కుమని ఎందుకు పడుతుంది?

మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టెయిన్‌బర్గ్ అనే మనస్తత్వ పరిశోధకులు 2005లో ఈ చిక్కు కొంత విప్పారు. కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. పక్కన ఈడువాళ్లు ఉంటే 13-16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికన్నా ఎక్కువ తెగించారు. 24 దాటినవాళ్లలో పెద్ద తేడా లేదు. అంటే వ్యక్తిత్వం సగం బుర్రలో ఉంటే, మిగతా సగం వెనక సీట్లో కూర్చుని “లాగరా, ఇంకొంచెం లాగు” అంటోందన్నమాట.

ఆ మాట విని గంటకు 45 కిలోమీటర్లు దాటకుండా కట్టేసిన బండిని 70కి ‘విప్పుతారు’. ఇంజిన్ వింటుంది, బ్రేకులు వినవు. 45లో ఉలిక్కిపడే ఒక్క సెకనులోనే 12.5 మీటర్లు పోతాయి. పొడిరోడ్డు మీద ఆగడానికి ఇంకో 13. 70లో అవి 19, 31 అవుతాయి. పాతిక మీటర్లు కాస్తా యాభై! పైగా ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని భయపడి వెనకది మాత్రమే తొక్కేస్తారు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వాలుతుంది, తేలికైన వెనక చక్రం లాకై జారుతుంది. వెనకున్నవాడి బరువు అప్పుడు వీపు మీద పడుతుంది.

కాబట్టి మా ప్రతిపాదన ఒక్కటే: లైసెన్సు నడిపేవాడికి కాదు, వెనక కూర్చునేవాడికి పెట్టాలి. పరీక్ష తేలిక. సొంత హెల్మెట్ పెట్టుకుని, బకిల్ బిగించి, రెండు కిలోమీటర్లు నోరు మెదపకుండా కూర్చోవాలి. వీడియో తీద్దామని ఫోను బయటికి తీసినవాడు అక్కడికక్కడే ఫెయిల్.