కర్రీ పాయింటు బిల్లూ, లాయరుగారి ఫీజూ

“రసీదు లేకుండా అంత డబ్బు చేతికెలా ఇచ్చారండీ? చదువుకున్నవారు కదా!” అని మా లాయరుగారు నన్ను మందలించారు. నేను ఇచ్చింది మా వంటింటి కాంట్రాక్టరుకి, 50 వేలు. మందలిస్తున్నప్పుడు లాయరుగారి చేతిలో ఉన్నది అంతకు రెండు నిమిషాల ముందు నేనిచ్చిన 25 వేలు. తిట్టడం ఆపకుండానే లెక్కపెట్టుకుని, రబ్బరు బ్యాండు వేసి, సొరుగులో పడేసి, మోకాలితో సొరుగు మూశారు. రసీదు ఇవ్వలేదు. నేనూ అడగలేదు. నవ్వకండి, మీరైనా అడిగుండరు. ఈమధ్య పురోహితులు కూడా ఫోన్‌పే తీసుకుంటున్నారు, ఫోన్‌కి మెసేజ్ అయినా వస్తుంది. లాయరుగారికి మాత్రం నోట్లే ఇష్టం, పాతకాలం మనిషి పాపం.

కేసు చిన్నదే. మాడ్యులర్ కిచెన్, 4 లక్షల 80 వేలు, 60 రోజుల్లో పూర్తి చేస్తానని 100 రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం. నీళ్ళు తగిలినా ఏమీ కాని 710 గ్రేడ్ ప్లై వేస్తానన్నాడు, మామూలు 303 వేశాడు. సింకు కింది చెక్క మొదటి వారంలోనే మినప్పిండిలా పొంగింది. అరలున్నాయి, వాటికి తలుపుల్లేవు. 3 లక్షలు బ్యాంకులో, 50 వేలు చేతికీ తీసుకున్నాక ఆయన ఫోను స్విచాఫ్. ఇది జరిగి 11 నెలలు.

కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్ళొచ్చుగా, అక్కడ లాయరు కూడా అక్కర్లేదంటారు కదా అని మీరనొచ్చు. నేనూ అదే అడిగాను. “అక్కడ సీరియస్‌నెస్ ఉండదండీ” అన్నారాయన. లాయరు అక్కర్లేదన్న మాటే ఆయనకి సీరియస్‌గా అనిపించలేదేమో. సరే, సివిల్ దావా అన్నాం.

ముందు వకాల్తా మీద, అంటే మన తరఫున వాదించమని లాయరుకిచ్చే కాగితం మీద, సంతకాలు. పెన్సిల్‌తో చిన్న చిన్న ఇంటూ గుర్తులు పెట్టి “ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ” అంటూ గుమాస్తా కాగితాలు తిప్పుతుంటే నేను పెట్టుకుంటూ పోయాను. చివరి నాలుగూ తెల్ల కాగితాలు. ఇవెందుకండీ అంటే “తర్వాత పనికొస్తాయి” అన్నాడు. అరగంట క్రితం ఇదే గదిలో “ఖాళీ కాగితం మీద ఎవరడిగినా సంతకం పెట్టకండి” అని నాకు ఉచిత సలహా దొరికింది. ఉచితం అనుకున్నాను, ఫీజులో కలిపారట.

ఇక నష్టపరిహారం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తప్పినందువల్ల సహజంగా కలిగే నష్టం ఇప్పిస్తారు, ఎక్కడో దూరాన తగిలే నష్టం ఇప్పించరు. వంటిల్లు లేని ఈ 11 నెలలూ మేం కర్రీ పాయింటు మీద బతికాం, ఆ బిల్లులన్నీ మా ఆవిడ పాత స్వీట్ల డబ్బాలో దాచింది. ఆ డబ్బా తీసుకెళ్ళి లాయరుగారి టేబుల్ మీద బోర్లించాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో బిల్లూ తీశారు. “సాంబారు, సహజ నష్టమే. రాసుకో.” జూనియర్ రాసుకున్నాడు. “పప్పు, సహజం. వంకాయ కూర, సహజం. ఇదేంటండీ, చికెన్ ఫ్రై?”

“ఆదివారం సార్.”

“ఆదివారం అని జడ్జిగారికి చెప్తామా? ఇంట్లో వంటిల్లుంటే ప్రతి ఆదివారం మీరు చికెన్ ఫ్రై చేసుకునేవారని రుజువు చేయాలి. సాక్షి ఎవరు?”

“మా ఆవిడ.”

“ఇంట్రెస్టెడ్ విట్‌నెస్” అన్నాడు జూనియర్, తలెత్తకుండా. అంటే కేసు గెలిస్తే తనకీ లాభం ఉన్న సాక్షి అన్నమాట.

లాయరుగారు కాసేపు ఆలోచించారు. “పక్కింటివాళ్ళకి వాసన వచ్చేదా?”

“వాళ్ళు శాకాహారులండీ.”

“ఇంకా మంచిది, బాగా గుర్తుంటుంది.”

ఈలోపు జూనియర్‌కి హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ గుర్తొచ్చింది. 1854లో ఇంగ్లండులో తీర్పు. ఒక పిండిమర ఇరుసు విరిగితే, కొత్తది చేయించడానికి నమూనాగా దాన్నే పంపారు, రవాణావాళ్ళు ఆలస్యం చేశారు. మర ఆగిన రోజుల లాభం ఇప్పించమని యజమాని అడిగితే, మర ఆగిపోయి ఉంటుందని రవాణావాళ్ళకి ముందే తెలియాలి కదా అని కోర్టు ఒప్పుకోలేదు. “కాబట్టి సార్,” అని జూనియర్ నా వైపు తిరిగాడు, “మీరు చికెన్ తింటారని కాంట్రాక్టరుకి ముందే తెలుసా?”

“తెలుసు బాబూ. కొలతలకొచ్చిన రోజు మా ఇంట్లో తినే వెళ్ళాడు.”

లాయరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “ఆ ముక్క ముందు చెప్పరేం!”

చికెన్ ఫ్రై దావాలోకి ఎక్కింది. రొయ్యల వేపుడు ఎక్కలేదు, ఆరోజు మేం వడ్డించలేదు కాబట్టి. పెరుగు మీద అభిప్రాయ భేదం వచ్చి, వంటిల్లున్నా లేకపోయినా పెరుగు బయటే కొంటారుగా అన్న పాయింటు మీద వదిలేశారు. ఈ గంటకి కన్సల్టేషన్ 2 వేలు. రసీదు లేదు. టేబుల్ నిండా 30 రూపాయల సాంబారుకి కూడా బిల్లిచ్చిన మనిషి కాగితాలు, వాటి మీదుగానే నా నోట్లు సొరుగులోకి వెళ్ళాయి.

నిజానికి ఒకసారి అడిగాను, గుండె రాయి చేసుకుని. మన ఫీజు మాట కూడా ఒక కాగితం మీద రాసుకుందామా అని. ఆయన మొహం చూడాలి మీరు, ఇంటికి పిలిచి చెప్పులు బయట విప్పమన్నందుకు అలిగిన వియ్యంకుడిలా అయింది. “మన మధ్య కాగితాలేంటండీ?” ఆపైన గొంతు తగ్గించి, “వచ్చిన దాంట్లో 10 శాతం” అన్నారు. అది రాయలేమట. ఎందుకంటే గెలుపు మీద ఆధారపడి ఫీజు మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. రాస్తే తప్పు, తీసుకుంటే కాదట. క్లయింటు డబ్బుకి తేదీలతో సహా లెక్క రాయాలన్నది కూడా అదే పుస్తకంలో ఉంది. ఆ పేజీ ఆయన ప్రతిలో అంటుకుపోయినట్టుంది.

ఇప్పుడీయన మాట తప్పితే? వంటింటి కాంట్రాక్టరునైతే కన్జ్యూమర్ కమిషన్‌కి లాగొచ్చు. లాయరుని లాగలేం. 2024 మే 14న సుప్రీంకోర్టు చెప్పేసింది, లాయరు చేసేది వ్యక్తిగత సేవ, వినియోగదారుల చట్టం కిందికి రాదని. అందులో ఒక కారణం చదివి నేను కాసేపు ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయాను. లాయరు పనిచేసే తీరు మీద క్లయింటుకి చెప్పుకోదగ్గ ప్రత్యక్ష అదుపు ఉంటుందట! నా అదుపులో ఉన్న ఆ మనిషి మంగళవారం నుంచి నా ఫోనెత్తడం లేదు. మామూలు కోర్టులో దావా వేసుకునే దారి ఉందిలెండి. దానికి ఇంకో లాయరు కావాలి. ఆయన అడిగే మొదటి ప్రశ్న మీకు తెలుసు.

లాయర్లందరూ ఇలాగే ఉండరు అని ఇలాంటి వ్యాసాల్లో ఒక వాక్యం రాయాలట. రాశాను.

గురువారం అదే ఆఫీసు వరండాలో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది, రెండు బస్సులు మారి వచ్చానంది. వాళ్ళాయన బతికుండగా 40 సెంట్లకి అడ్వాన్సిచ్చి అగ్రిమెంటు రాయించుకున్నాడు, అమ్మినవాడు రిజిస్ట్రేషన్ చేయలేదు. మొదటి లాయరు కాగితాలన్నీ పెట్టుకుని, మిగతా ఫీజు ఇస్తేగాని ఇవ్వనన్నాడు. మా లాయరేమో “ఆయన నో అబ్జెక్షన్ ఇవ్వందే నేను వకాల్తా వేయలేనమ్మా” అన్నాడు. ఆవిడ “అలాగే బాబూ” అని లేచి, నీళ్ళసీసా సంచిలో పెట్టుకుని బస్టాండుకి నడిచింది. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు పట్టుకు కూర్చునే హక్కు లాయరుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. ఇరవై ఏళ్ళు దాటిపోయింది! ఆ సంగతి అక్కడున్న ఒక్కడూ, జూనియర్ కూడా, ఆవిడకి చెప్పలేదు. 1854లో ఇంగ్లండు పిండిమర ఇరుసు కంఠతా వచ్చు, ఈ తీర్పు రాదా? ఒప్పందం అమలు చేయించమని అడగడానికి చట్టం ఇచ్చేది మూడేళ్ళు. ఈ వరండాల్లో ఆ మూడేళ్ళని తినేస్తున్నారు, సిగ్గులేకుండా. అక్కడ నేనేం చేశానంటారా? నేనూ నోరు మూసుకునే కూర్చున్నాను, నా నంబరు ఎప్పుడొస్తుందా అని. సాయంత్రం ఇంటికెళ్ళి వెతికితే గానీ ఆ తీర్పు సంగతి నాకూ తెలియలేదు.

నిన్న గుమాస్తా ఫోన్ చేశాడు. గెలిస్తే కోర్టు ఖర్చులు కూడా కాంట్రాక్టరు నుంచే రాబట్టొచ్చట, దానికి ఖర్చుల పట్టిక కావాలట. స్టాంపులూ, టైపింగూ, జిరాక్సూ అన్నీ చదివించుకున్నాడు. జిరాక్సు అతను 84 రూపాయలకి చీటీ ఇచ్చాడు, అది ఉంది. “ఇంకొకటి సార్,” అన్నాడు చివర్లో, “మా సార్‌కి మీరిచ్చిన ఫీజుకి రసీదేమైనా ఉందా?”