పాటకు ముందు యాంకర్, పాట మధ్యలో ప్లాట్లు

నల్లగొండలో లైవ్ సంగీతం అంటే ఎక్కువగా పెళ్లి బరాత్ డీజేనే. అందుకే రాత్రి అన్నం తిన్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో కచేరీలు వెతుక్కుంటా. పైసా ఖర్చు లేదు, నిజమే. ఖర్చయ్యేదంతా ఓపికే.

మన పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెర సంగతే చూడండి. ఆ తీగల వాయిద్యం వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. కిన్నెర మీటుతూ జానపద వీరుడు పండుగ సాయన్న కథ ఎత్తుకుంటే విందామని కూర్చుంటామా, ముందు యాంకర్ దిగుతుంది. "ఎలా ఫీలవుతున్నారు?" అంటూ సాగదీసి, పాట ఊపందుకోగానే కట్! ఇంకో వీడియోలో కిన్నెర మీద డీజే బేస్ ఎక్కించారు. తీగ మోత ఎక్కడుందో దేవుడికెరుక. దొరక్క దొరక్క ఒక మంచి రికార్డింగ్ దొరికితే, గొంతు పైకి లేచిన చోటే వెంచర్ ప్లాట్ల ప్రకటన.

అమెరికాలో ఎన్‌పీఆర్ రేడియో వాళ్లు 2008 నుంచి ఆఫీసులో ఒక టేబుల్ దగ్గరే 'టైనీ డెస్క్' కచేరీలు తీస్తున్నారు. స్టేజీ లేదు, లైట్ల హంగామా లేదు. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినిపిస్తుంది. మన ఒగ్గు కథకు ఆ టేబుల్ కూడా అక్కర్లేదు, వేపచెట్టు నీడ చాలు. తీసేవాడు మధ్యలో నోరు తెరవకపోతే అదే పదివేలు.

ఇక సజెషన్లు! చుట్టాల పెళ్లికని ఒక్క బరాత్ పాట వెతికిన పాపానికి రోజూ దాని రీమిక్స్‌లే. వద్దని నొక్కితే అదే పాట ఇంకో డీజే పేరుతో వస్తోంది.