హల్లెలూయా పాటకు ఓ బహిరంగ లేఖ

హల్లెలూయా పాట గారికి,

నమస్కారం. మీకు ఈ మధ్య కాస్తయినా విశ్రాంతి దొరుకుతోందా? పెళ్లికి మీరే, చావుకి మీరే, క్రిస్మస్‌కి మీరే, టీవీ పాటల పోటీలో ఎవరికైనా అర్జెంటుగా కన్నీళ్లు కావాలంటే మళ్లీ మీరే.

1984లో కెనడా కవి, గాయకుడు లెనార్డ్ కోహెన్ మిమ్మల్ని రాసి, పాడి పెట్టిన ఆల్బమ్‌ని అమెరికాలో విడుదల చేయడానికే ఆయన రికార్డు కంపెనీ కొలంబియా రికార్డ్స్ వాళ్లు ఒప్పుకోలేదు. పుట్టింట్లో మీ పరువు అదీ. తర్వాత వేల్స్ సంగీతకారుడు జాన్ కేల్ మీ సాహిత్యం పంపమని అడిగితే కోహెన్ ఏకంగా 15 పేజీలు ఫ్యాక్స్ చేశారట, అందులోంచి కేల్ కొంటె చరణాలు ఏరుకుని 1991లో ఒట్టి పియానో మీద పాడేశాడు. మీరు అసలు పుట్టింది అప్పుడేనని నా అనుమానం. ఎందుకంటే 1994లో అమెరికా గాయకుడు జెఫ్ బక్లీ గిటార్ పట్టుకుని పాడింది కేల్ కూర్పునే, ఆ తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది బక్లీని విని పాడారు, వాళ్లని విని ఇంకొకళ్లు. 2001లో 'ష్రెక్' అనే యానిమేషన్ సినిమాలో వినిపించేది కేల్ గొంతు, అదే సినిమా పాటల ఆల్బమ్ కొంటే రూఫస్ వెయిన్‌రైట్ అనే ఇంకో గాయకుడి గొంతు! పచ్చ రాక్షసుడు ష్రెక్ దిగులుకి కూడా మీరే దిక్కయ్యారు.

2008 క్రిస్మస్‌కి బ్రిటన్ చార్టులో మొదటి స్థానం అక్కడి టీవీ పాటల పోటీ ఎక్స్ ఫ్యాక్టర్ గెలిచిన అలెగ్జాండ్రా బర్క్ పాడిన మీది, రెండోది బక్లీ పాడిన మీది. కన్నతండ్రి కోహెన్ మాత్రం 36లో. మంచి పాటే కానీ మరీ ఎక్కువమంది పాడుతున్నారని మరుసటి ఏడాది ఆయనే అన్నారు, పాపం.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టదు. మీ చరణాల్లో ఉన్నది మేడ మీద స్నానం చేస్తున్న ఆవిడని చూసి మనసు జారిన మగాడు, ఆ మగాణ్ణి వంటింటి కుర్చీకి కట్టేసి, సింహాసనం విరగ్గొట్టి, జుట్టు కత్తిరించిన ఆవిడ. ఇది వింటూ పెళ్లిలో జనం కళ్లు తుడుచుకుంటారేమిటండీ? 'హల్లెలూయా' అనే పల్లవి వస్తే చాలు, చరణాలతో ఎవరికీ పని లేనట్టుంది. కొందరైతే ఆ గొడవంతా ఎందుకని చరణాలు పీకేసి ఏసు పుట్టిన కథ పెట్టుకున్నారు, ట్యూన్ మాత్రం వదల్లేదు.

చిన్న మనవి. చేతనైనంత చేశాను, అదేమంత గొప్పగా లేదు అని ఒప్పుకునే చరణం కోహెన్ 1984లోనే పాడారు, కేల్, బక్లీ ఇద్దరూ దాన్ని వదిలేశారు. ఈసారి టీవీ పోటీలో గుసగుసగా మొదలెట్టి గావుకేకతో ముగించే కుర్రాళ్ల చేత ముందు ఆ చరణం పాడించండి. జడ్జీలకి పని తగ్గుతుంది.

ఇట్లు,
చరణాలు కూడా వినే ఒక శ్రోత