కండువా ఏదైనా కటౌట్ మా అన్నదే

ఒళ్లు మండిపోయి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి. గుంటూరు బ్రాడీపేటలో నాది జిరాక్స్ షాపని మీలో చాలామందికి తెలుసు. పొద్దున షట్టర్ తీద్దామని వెళ్తే నా బోర్డు కనపట్లా. బోర్డు ఉండాల్సిన చోట మా డివిజన్ అన్న చేతులు జోడించి నవ్వుతున్నాడు, రెండు షాపుల వెడల్పున. సర్వి కర్రలు నా మెట్ల మీద, తాడేమో నా షట్టర్ గొళ్లేనికి. ఏందయ్యా ఇది అంటే పక్కనే టీ తాగుతున్న కుర్రాడు "అన్న బర్త్‌డే బాబాయ్, రెండ్రోజులు అడ్జస్ట్ అవ్వు" అన్నాడు. మరి ఈ రెండ్రోజులు కరెంటు బిల్లు అన్న కడతాడా అంటే నవ్వాడు. వాడి బొమ్మ కూడా ఉంది లెండి కింద వరసలో, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, అగ్గిపెట్టెంత.

అన్నట్టు మన రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు బ్యాన్ అని 2022 ఆగస్టులో చెప్పారు, గుర్తుందా? నవంబర్ ఒకటి నుంచి అన్నారు, తర్వాత 2023 జనవరి 26 అన్నారు. అప్పుడు పార్టీ వేరు, ఇప్పుడు పార్టీ వేరు, ఫ్లెక్సీ మాత్రం అక్కడే ఉంది. దాన్ని ఎవరూ ఓడించలేరు.

సరే ఫ్లెక్సీ సంగతి వదిలేయండి, దాని మీద రాసింది చదివాకే నాకు అసలు తిక్క లేచింది. "ప్రజాసేవలో పాతికేళ్లు." దాని కింద ఇంకో లైను, "వావిలాల బాటలో మా అన్న". ఎవరి బాట అన్నారు? ఆ సత్తెనపల్లి ఎమ్మెల్యే, ఖద్దరు వావిలాల గారి బాటా? మళ్లీ చెప్పండి?

అన్న పాతికేళ్ల సేవ ఏందో ఈ పేటలో పుట్టి పెరిగినోడిగా నాకు తెలుసు కాబట్టి చెప్తా. 2005లో కాంగ్రెస్ తరఫున కార్పొరేటర్‌గా గెలిచాడు. ఆయన జీవితంలో జనం ఓట్లేసి గెలిపించింది అదొక్కసారే. 2008లో ప్రజారాజ్యం పుట్టగానే మార్పు కావాలంటూ అందులోకి దూకాడు. ఆ పార్టీ 2011లో కాంగ్రెస్‌లోనే కలిసిపోయింది, అంటే అన్న కాలు కదపకుండానే పాత ఇంటికి వచ్చేశాడన్నమాట, అదృష్టం అంటే అదీ. 2014లో సైకిలెక్కాడు. 2019లో ఫ్యాన్ కింద కూర్చున్నాడు, అప్పుడే ఏదో రాష్ట్ర స్థాయి నామినేటెడ్ పోస్టు కూడా కొట్టాడు, ఆ కార్పొరేషన్ ఆఫీసు ఎక్కడుందో, అందులో కుర్చీ ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి గానీ కారు మీద బోర్డు మాత్రం రాత్రికి రాత్రే వచ్చింది. 2024 జూన్‌లో మళ్లీ పసుపు. ఇంతకుముందు పార్టీ ఆఫీసుకంటే తాడేపల్లి దాకా పోవాల్సొచ్చేది, ఇప్పుడు మంగళగిరిలోనే ఆగిపోవచ్చు, పెట్రోలైనా మిగుల్తోంది పాపం.

ఇంకో తమాషా వినండి. మన గుంటూరుకి 2010 నుంచి 2021 దాకా అసలు కౌన్సిలే లేదు, ఎన్నికలు పెట్టకుండా స్పెషల్ ఆఫీసర్లతోనే లాగించారు. అన్నన్నేళ్లూ మా అన్న "మాజీ కార్పొరేటర్" అనే ఒక్క మాట మీద బతికేశాడు. మనం డిగ్రీ సర్టిఫికెట్ మీద కూడా అంతకాలం బతకలేం.

ఇక్కడ ఎవడో ఒకడు "మరి అవతలోళ్లు మారలేదా" అంటూ వస్తాడు, నాకు తెలుసు. మారారు బాబూ, అందరూ మారారు, నేను చెప్పేదే అది. మా గుంటూరు వెస్ట్‌లో 2019లో సైకిల్ మీద గెలిచినాయన కొన్ని నెలలకే ఫ్యాన్ వైపు వెళ్లాడు. పక్కన తాడికొండలో ఫ్యాన్ మీద గెలిచినావిడ చివరికొచ్చేసరికి సైకిల్ వైపు వచ్చింది. ఇద్దరి మీదా అనర్హత వేటు ఎప్పుడు పడింది? 2024 ఫిబ్రవరిలో. పోలింగ్ మే 13న. పెళ్లి భోజనాలు అయిపోయి షామియానా విప్పుతుంటే వచ్చి పెళ్లికొడుకు మంచోడు కాదన్నట్టు. పోనీ కార్పొరేషన్ చూద్దామా? 2021 మార్చిలో 57 డివిజన్లకు ఓటేశాం, 44 ఫ్యాన్‌కి వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో మేయర్ సీటు సైకిల్‌కి పోయింది. మధ్యలో ఎవడన్నా మన ఇంటికొచ్చి ఓటడిగాడా? నాకు ఏ పార్టీ మీదా ప్రేమ లేదు, కానీ నా వేలికి సిరా పూసి, ఆ సిరా ఆరాక లెక్క మీరూ మీరూ తేల్చుకుంటే నేనెందుకు లైన్లో నిలబడ్డట్టు?

ఇట్టాంటోడికి వావిలాల పేరా! వావిలాల గోపాలకృష్ణయ్య గారు సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే. నాలుగుసార్లు! ఖద్దరు బట్టలు, భుజాన గుడ్డ సంచి, అంతే. గ్రంథాలయాలన్నారు, నాగార్జున సాగర్ అన్నారు, మద్యం వద్దన్నారు, పద్మభూషణ్ వచ్చినా అదే సంచి. మా నాన్న ఆయన్ని సత్తెనపల్లి బస్టాండులో చూశానని చచ్చేదాకా చెప్పుకున్నాడు, జనంతో పాటు బస్సు కోసం నిలబడి ఉన్నాడంట. మా అన్నని కూడా నేను బస్టాండులో చూశా, ఎయిర్ కూలర్ పెట్టిన చలివేంద్రం ఓపెనింగ్‌కి వచ్చాడు, ఫొటో అయ్యాక కూలర్ కూడా ఎక్కించుకుపోయారు.

చలివేంద్రం అంటే గుర్తొచ్చింది, అసలు నాకు ఈయన మీద కోపం ఫ్లెక్సీది కాదు. నీళ్లది. 2018 మార్చిలో పాతగుంటూరు ఆనందపేటలో ఏమైందో మర్చిపోయారా? తాగే నీళ్లలో మురుగు కలిసి జనం చచ్చిపోయారు. వాంతులూ విరోచనాలతో పెద్దాసుపత్రిలో మంచాలు చాల్లేదు. మంచినీళ్లు తాగి చచ్చిపోవడం ఏందండీ, అదీ కృష్ణకి ఇంత దగ్గర్లో ఉన్న ఊళ్లో! అదే టైముకి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ అని ఊరంతా తవ్వి పోశారు. ఆ పని మధ్యలో ఆగిపోయింది, ప్రభుత్వాలు మారాయి, గుంతలు మాత్రం పార్టీ మారకుండా ఉన్నచోటే ఉన్నాయి, ఈ ఊళ్లో నిబద్ధత ఉంది వాటికే.

ఆనందపేట జరిగిన వారంలోనే మా లైన్‌లో వాళ్లందరం సంతకాలు పెట్టి అర్జీ రాసి అన్నకిచ్చాం. మా వీధిలో కూడా మంచినీళ్ల పైపు సైడు కాలవలో నుంచే పోతోంది, చూడండి సార్ అని. సార్ అన్నా అప్పుడు, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది. అన్న అర్జీ చదివి మడిచి జేబులో పెట్టుకుని "ఆఫీసర్లు మాట వినట్లేదు, మళ్లీ మన గవర్నమెంట్ రానీ బాబాయ్, ఫస్ట్ మీ వీధే" అన్నాడు. అప్పుడు పవర్‌లో ఉన్నది ఆయన పార్టీనే! 2019లో వేరే గవర్నమెంట్ వచ్చింది, వారం తిరక్కుండా అదీ ఆయనదే అయింది. మళ్లీ వెళ్లా. "ఇప్పుడే కదా వచ్చాం." 2024లో ఇంకోటి వచ్చింది, అదీ ఆయనదే. ఇంకా ఏ గవర్నమెంట్ రావాలయ్యా నీకు?

పైపు ఇంకా కాలవలోనే ఉంది. మోటారు వేస్తే మొదటి రెండు బిందెలు పారబోసి మూడోది పట్టుకుంటాం, మా ఆవిడ దాన్నీ కాచి వడకట్టందే పిల్లలకివ్వదు. ఇందాక ఫ్లెక్సీ తీయించమని ఫోన్ చేస్తే అన్న ఎత్తలా, పక్కనుండే కుర్రాడు ఎత్తాడు. అన్న మంగళగిరి వెళ్లాడంట. ఈసారి మేయర్ సీటు అడుగుతున్నాడంట.