పిల్లికి పొగరెక్కిందా, మందెక్కిందా?

నిన్న మా ఆడపడుచు ఇంటికొచ్చింది. సంచీ కింద పెట్టగానే మా బూరిగాడు తుర్రున అటకెక్కేశాడు. "ఇంత డబ్బు పోసి బతికిస్తే వీడికి పొగరెక్కింది వదినా, పిల్లిజాతికి విశ్వాసం ఎక్కడిది" అనేసి, కాఫీ తాగి వెళ్ళిపోయింది. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ రాత్రి నిద్రపట్టలేదు. నాలుగు నెలలుగా ఈ మాట ఎంతమంది నోట విన్నానో. పొగరు, అలక, మొండితనం, పగ. జబ్బుపడి మందులు వాడుతున్న పిల్లి ఏం చేసినా మన దగ్గర ఒక తిట్టు తయారుగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. పొడుగైంది, ఓపికుంటేనే చదవండి.

మాది అమలాపురం దగ్గర పల్లె. మా ఆయనది కొబ్బరి వ్యాపారం. దింపు అయ్యాక కాయలు కొట్లో రాశి పోస్తే ఎలుకలు దిగుతాయి, వాటి కోసం పిల్లులు. పెంపకం లాంటి పెద్ద మాటలు అప్పట్లో లేవు. ముందు నల్లది వచ్చింది, దాని పేరు కాటుక. తర్వాత వీడు, వేయించిన బూరె రంగులో, గుండ్రటి మొహంతో. బూరి అన్నాం. రాశి మీద ఆ చివర నుంచి ఈ చివరికి కాయలు దొర్లించుకుంటూ పరిగెత్తేవాడు. మా అత్తయ్యకి వాడంటే పడేది కాదు. వంటింటి గుమ్మం తొక్కితే చీపురు తిరగేసేది.

ఏడాది నిండిన కొత్తలో ఆ గోల ఆగిపోయింది. రాశి ఎక్కడం మానేశాడు. స్నానాలగదిలో తడి గచ్చు మీద ఓ మూలకి పడుకునేవాడు. పిల్లన్నాక ఒళ్ళు నాక్కుంటూ ఉండాలి కదా, అదీ మానేశాడు, బొచ్చు చిక్కులు కట్టింది. మేమేమన్నామో తెలుసా? బుద్ధొచ్చింది, పెద్దరికం వచ్చింది అన్నాం. "ఇప్పటికి దారిలో పడ్డాడు" అని మా అత్తయ్య మెచ్చుకుంది కూడా. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న ప్రాణాన్ని బుద్ధిమంతుడని పొగిడిన ఇల్లు మాది.

తర్వాత పొట్ట ఉబ్బింది. చూసినవాళ్ళంతా కడుపుతో ఉంది అన్నారు. మగపిల్లండీ బాబూ అంటే, "ఏమో, సరిగ్గా చూశారా?" అని ఓ పెద్దావిడ అనుమానం. వెన్నెముక చేతికి తగులుతోంది, పొట్ట మాత్రం బిందెలా ఉంది. జ్వరానికి పారాసెటమాల్ సగం బిళ్ళ వెయ్యమని ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. ఆ మందుని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు, సగం బిళ్ళ చాలు ప్రాణం పోవడానికి. నాకు అసలు భయం పట్టుకున్నది నెత్తళ్ళ రోజున. కడిగిన నెత్తళ్ళు ముందు పెడితే వాడు తల ఎత్తి చూసి మళ్ళీ దించేశాడు. గోదారి నీళ్ళు తాగి పెరిగిన పిల్లి నెత్తళ్ళ వాసనకి లేవలేదంటే ఇంక స్కానింగులు దేనికి?

స్కానింగు అయినా తప్పలేదు లెండి. మా ఊరి పశువుల డాక్టరుగారు రోజంతా గేదెలతో, దూడలతో ఉండే మనిషి. పొట్ట నొక్కి చూసి, "నీరు పట్టిందమ్మా, ఇక్కడ తేలదు, కాకినాడ తీసుకెళ్ళండి" అని ఉన్నమాట చెప్పారు. పళ్ళ ట్రే మీద ఇంకో ట్రే బోర్లించి తాడు కట్టి, ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళ్ళాం. దారి పొడుగునా వాడు అరవలేదు. అదీ బుద్ధే అనుకోవాలేమో.

పొట్టలోంచి తీసిన నీరు పచ్చగా, జిగటగా తీగ సాగింది. రక్తపరీక్షలు కూడా చూసి ఎఫ్‌ఐపీ అన్నారు. పిల్లుల్లో మామూలుగా తిరిగే ఒక కరోనా వైరస్, కొద్ది పిల్లుల్లో మాత్రం ఒంట్లోనే రూపు మార్చుకుని ప్రాణం మీదికి తెస్తుందట. ఎక్కువగా రెండేళ్ళలోపు వాటికే. కరోనా అన్న మాట మాకంటే ముందు ఊరు చేరింది. పాలబ్బాయి గేటు దగ్గరే పాలు పెట్టి పోవడం మొదలుపెట్టాడు. మనకొచ్చింది వేరు, ఇది వేరు, ఇది మనుషులకి అంటదు అని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చాను.

మందు పేరు విన్నాక మా ఆయన నోట మాట రాలేదు. 2021లో మా మావయ్యగారి కోసం ఏ రెమ్డెసివిర్ వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగాడో, పిల్లికి రాసిందీ అదే. అది ఒంట్లోకి వెళ్ళాక జీఎస్-441524 అనే పదార్థంగా మారుతుంది, ఆ పదార్థాన్నే బిళ్ళగా కూడా ఇస్తారు. 2019లో అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన నీల్స్ పెడర్సన్ బృందం 31 పిల్లులకి ఇచ్చి చూస్తే 25 నిలబడ్డాయి. అంతకుముందు ఈ జబ్బంటే దాదాపు ఆశ వదులుకోవడమే. మాకు 84 రోజులు రాశారు. ముందు సూదులు, తర్వాత బిళ్ళలు. వేసేది నేను, ఎందుకంటే మా ఆయనకి సూది చూస్తేనే చెమటలు.

అక్కడి నుంచి మొదలైంది అసలు కథ.

నాలుగో రోజుకి జ్వరం దిగింది. ఐదో రోజు గిన్నె ఖాళీ చేశాడు. అదే రోజు నన్ను చూసి మొదటిసారి గుర్రుమన్నాడు. ఆ సూదిమందు చర్మం కింద మంట పుట్టిస్తుంది. నీరసంగా ఉన్నన్నాళ్ళు ఓర్చుకున్నాడు, ఓపిక రాగానే ఎదురు తిరిగాడు. అంటే మందు పనిచేస్తోందన్నమాట! నేనైతే వెక్కి వెక్కి ఏడ్చాను. సూదులు పెట్టుకున్నది పాత పూతరేకుల డబ్బాలో. దాని మూత 'టక్' అంటే చాలు, వాడు అటక మీద. రాత్రి ఎనిమిదింటికి వేసేదాన్ని, ఏడున్నర నుంచే కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు. ఈ సామెత ఎవరు కట్టారో గానీ ఆ మనిషి పిల్లిని బాగా చూసి కట్టాడు. మధ్యలో వెళ్ళి ఎవరి ఒళ్ళో కూర్చునేవాడో చెప్పనా? చీపురు తిరగేసిన మా అత్తయ్య ఒళ్ళో. ఆవిడ సూది వెయ్యదు కదా. "నాలుగు నెలలు నిండకముందు తెచ్చి పెంచింది నువ్వు, వాడికి కావలసిందాన్ని నేను" అని ఆవిడ గొప్ప. నాకు కుళ్ళుగానే ఉండేది, దాచడమెందుకు.

కాటుక సంగతి ఇంకా విచిత్రం. కాకినాడ నుంచి తెచ్చిన రోజు బూరిని చూసి తోక కొబ్బరి పీచులా పెంచి బుసకొట్టింది. ఏడాదిగా పక్కపక్కనే పడుకున్న పిల్లి! జబ్బుదాన్ని చూసి ఓర్వలేకపోతోందన్నారు. పిల్లులకి మనిషైనా తోటిపిల్లైనా ముందు వాసనే గుర్తు. వీడి ఒంటినిండా ఆసుపత్రి వాసన. మా పాప వాడి పాత గోనెసంచితో ఒళ్ళంతా తుడిచింది. మూడో రోజుకి మళ్ళీ ఒకే గోనె మీద పడుకున్నారు.

ఇప్పుడు నా తప్పు. పదిహేడో రోజు వాడు అటక దిగలేదు, తిండికీ రాలేదు. అలిగాడు అనుకున్నాను. నా మీద కోపం, రెండు రోజుల్లో వాడే దిగుతాడు అని వదిలేశాను. సూది వేసేటప్పుడు చెయ్యి చాచి, చేతికి అందిన చోటే పొడిచి వచ్చేదాన్ని. మూడో రోజు దించి చూస్తే భుజాల మధ్య చర్మం పుండు పడి తడిగా ఉంది. అదే చోట మళ్ళీ మళ్ళీ వేస్తున్నాను. ముట్టుకోగానే బొటనవేలు కరిచాడు. తప్పు నాది, కాటూ నాకే. సబ్బుతో కడుక్కుని పీహెచ్‌సీకి వెళ్ళి కుక్కకాటు టీకా మొదలుపెట్టాను. మొదటి రోజు, మూడు, ఏడు, ఇరవై ఎనిమిది, నాలుగు సార్లూ వెళ్ళాను. పిల్లి కాటే కదా అని మీరూ వదిలెయ్యకండి. అలిగాడు అన్న ఒక్క మాట నోట్లో లేకపోయి ఉంటే మొదటి రోజే వాడి వీపు చూసి ఉండేదాన్ని.

ఆ తర్వాత మా ఆయన కొబ్బరి లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టాను. ఎన్నింటికి తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, ఏం చేశాడు. ముందువైపు వెయ్యి కాయల ధర, వెనకవైపు బూరి విరోచనాలు. మా ఆయన పళ్ళు కొరికాడు గానీ అదే మమ్మల్ని కాపాడింది. ఒకరోజు వాడు తూలుకుంటూ నడిచాడు, గుమ్మం దాటలేక పక్కకి పడ్డాడు. ఈ జబ్బు మెదడుకి ఎక్కితే కాళ్ళు తూలతాయని అప్పటికే చదివి ఉన్నాను. చేతులు వణుకుతూ కాకినాడ డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆవిడ ఒకటే అడిగారు: "గబపెంటిన్ ఎన్నింటికి ఇచ్చారు, తూలింది ఎన్నింటికి?" నొప్పి తెలియకుండా సూదికి ముందు ఇచ్చే మందు అది. పుస్తకం చూస్తే ఆరింటికి ఇచ్చాను, ఏడున్నరకి తూలాడు. రాత్రికి సర్దుకుంటాడు, సర్దుకోకపోతే పొద్దున్నే రండి అన్నారు. సర్దుకున్నాడు. టైము రాసి లేకపోతే ఆ రాత్రికే కారు మాట్లాడుకుని పరిగెత్తేవాళ్ళం.

బిళ్ళలకి మారాక ఇంకో గోల. చేదు నాలుకకి తగిలితే పిల్లి నోట్లోంచి నురగ కారుతుంది. అది చూసి పక్కింటి పిల్లాడు "పిచ్చెక్కింది, పిచ్చెక్కింది" అని వీధంతా అరిచాడు.

యాభయ్యో రోజు దాటాక రాత్రి రెండింటికి పరదాలు ఎక్కడం, చేపల గిన్నె మూత తోసెయ్యడం మొదలైంది. మందు వేడి చేసి ఇలా అవుతోంది, ఇంక ఆపెయ్యండి అని బయలుదేరారు జనం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వాడు ఇలాగే ఉండేవాడని ఒక్కరికీ గుర్తులేదు! రెండు కిలోల నాలుగొందల నుంచి మూడు కిలోలు దాటాడు. బరువు పెరిగితే మోతాదూ పెంచాలి కాబట్టి వారం వారం కాటా మీద పెట్టేవాళ్ళం, కొబ్బరికాయలు తూచే కాటాయే. బాగైపోయాడు కదా అని మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నన్ను చూస్తే పారిపోతోంది, మనసొప్పట్లేదు, ఆపేస్తాను అని నాకు మెసేజీ పెట్టినావిడ ఉంది. అమ్మా, పారిపోనీ. అసలు పారిపోలేని రోజులు మీరు చూసే ఉంటారు కదా.

84 రోజులు పోయిన నెల పూర్తయ్యాయి. ఇంకో 84 రోజులు కనిపెట్టుకుని ఉండమన్నారు. తిండి తగ్గినా, గెంతు తప్పినా, కంటి రంగు మారినా ఫోన్ చెయ్యాలి. పుస్తకం ఇంకా రాస్తున్నాను, ముందువైపు లెక్కలు వచ్చి నా పేజీలని తాకేశాయి.

పూతరేకుల డబ్బా కడిగి ఆవాలు పోసుకున్నాను. నేను పోపు పెట్టినప్పుడల్లా బూరిగాడు అటకెక్కుతున్నాడు. నిన్న మా ఆడపడుచు వచ్చిన టైముకి నేను చేస్తున్నది పులిహోర పోపే.